తువ్వాలు వేసిన బెంచీ

హాస్టల్ గది,
మార్చి

మావయ్యకి,

ఆదివారం ఫోన్లో లైను సరిగా లేదని పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు అడిగింది చిన్న ప్రశ్న. "ఏమే గట్టుపిల్లా, రోజంతా ల్యాబ్‌లో ఇలాంటి ముక్కలే కోస్తావు కదా, ఈ మాత్ర నా ఒంట్లో ఏం చేస్తుందో చెప్పు" అన్నావు. జవాబు నాకు తెలుసు. అందులో ఉన్న మాటలే నా నోటికి రావు. బడిలో సిస్టర్ ఆ పాఠం వచ్చినప్పుడు "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేసింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు చదివాను. బాగా అర్థమైంది. పైకి చదవడం మాత్రం ఇంతవరకూ జరగలేదు. కాగితం మీద అయితే రాయగలను. నువ్వు కూడా ఫోన్లో దీని గురించి అడగకు.

ప్రోస్టేట్ అంటే మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి. అది తనంతట తను పెరగదు. వృషణాల్లో తయారైన హార్మోన్ రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. దారిలో ఎన్నో కణాలను దాటిపోతుంది కానీ అన్నిటికీ దాని రాక తెలియదు. రిసెప్టర్ ఉన్న కణానికే తెలుస్తుంది. పుస్తకాల్లో దీన్ని తాళం, తాళంచెవి అని చెబుతారు. నాకది నచ్చదు. నువ్వు ఈత నేర్పే కొలను గట్టు మీద బెంచీలు ఉన్నాయి కదా, అలా అనుకో. హార్మోన్ వచ్చి బెంచీ మీద కూర్చుంటేనే కణం పని మొదలుపెడుతుంది. నీ ప్రోస్టేట్‌లో ఉన్న జబ్బు కణాలు కూడా అలా ఎవరైనా వచ్చి కూర్చుంటేనే పెరుగుతాయి.

మాత్ర చేసేది ఒక్కటే. ముందే వచ్చి బెంచీ మీద తువ్వాలు వేసేస్తుంది. తువ్వాలు ఏ పనీ చెయ్యదు, లేవదు కూడా. హార్మోన్ వస్తుంది, చోటు లేదని చూస్తుంది, పోతుంది.

రోజూ వేసుకోవాలి. తువ్వాలు తీస్తే ఎవరో ఒకరు కూర్చుంటారు.

ఒంట్లో కొన్ని మార్పులు రావచ్చు. డాక్టరుగారు చెప్పే ఉంటారు.

అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ మేనకోడలు


కొలను ఆఫీసు గది,
ఏప్రిల్

గట్టుపిల్లకి కప్ప మావయ్య రాయునది,

నీ ఉత్తరం టికెట్ల కిటికీ దగ్గర కూర్చుని చదివాను. తడి చేత్తో పట్టుకున్నందుకు ఒక మూల సిరా చెదిరింది. చెదిరింది ఏ మాటనుకున్నావు? నువ్వు సిగ్గుపడుతూ రాసిన మాటే. దానికీ సిగ్గేసిందేమో.

నాలుగు రోజులైనా నా చెయ్యి పట్టుకోకుండా ఈత నేర్చుకున్నదానివి. గట్టు మాత్రం నెల రోజులు వదల్లేదు. అందుకే కదా ఆ పేరు పెట్టాను. ఇప్పుడు నువ్వే నాకు పాఠం చెబుతున్నావు. తువ్వాలు సంగతి నాకు బాగా బుర్రకెక్కింది. ఇక్కడ రోజూ చూసే గొడవే అది. మా పొద్దుటి బ్యాచ్‌లో పోస్ట్‌మాన్ ఒకాయన ఉన్నాడు, ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. ఆయన అందరికన్నా ముందొచ్చి ఎండ పడే బెంచీ మీద తువ్వాలు వేసి నీళ్ళలోకి దిగుతాడు. బేకరీ ఆయన వచ్చి "బెంచీ నీ అబ్బ సొత్తా?" అంటాడు. "కాదు, నా తువ్వాలు సొత్తు" అంటాడీయన. ఇక నుంచి ఆ పోస్ట్‌మాన్‌ని నా మాత్ర అని పిలుస్తాను.

డాక్టరు చెప్పాడా అన్నావు. కంప్యూటర్ వైపు చూస్తూ "కొన్ని మార్పులు ఉంటాయి, పెద్దగా పట్టించుకోకండి" అన్నాడు. మీరిద్దరూ ఒకే బడిలో చదివారా ఏమిటి?

నాకు తెలిసిన మార్పు ఒకటి ఉంది. ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిరి. ఎవరో లోపల కుక్కర్ పెట్టి మర్చిపోయినట్టు. మీ అత్తయ్య చూసి, "నేను ఈ ఆవిర్లు పడ్డప్పుడు ఫ్యాన్ కట్టెయ్యమన్నావు, గుర్తుందా? ఇప్పుడు పడు" అంది. ఇన్నేళ్ళు దాచుకుంది ఆ మాట.

మిగతా అంతా మామూలే. ఈ మధ్య గట్టు మీద నుంచే నేర్పుతున్నాను. కోచ్ జాకెట్ వేసుకుని, ఈల నోట్లో పెట్టుకుని. వయసు వచ్చాక దర్జాగా ఉండాలి కదా.

కప్ప మావయ్య


ల్యాబ్,
జూన్

మావయ్యకి,

రాయడం ఆలస్యమైంది. మాకు కొత్త రంగు వచ్చింది. దాన్ని అలవాటు చేసుకోవడంతోనే సరిపోయింది.

మా పని ఎలా ఉంటుందో నీకెప్పుడూ చెప్పలేదు. పెద్ద ఆసుపత్రి నుంచి కణజాలం మైనంలో పొదిగిన దిమ్మెలుగా వస్తుంది. దాన్ని ఉల్లిపొర కన్నా పల్చగా కోసి గాజుపలక మీద పరుస్తాం. ఈ కొత్త రంగు హార్మోన్ రిసెప్టర్ ఉన్న చోటే గోధుమరంగులో అంటుకుంటుంది. లేని చోట నీలంగా ఉండిపోతుంది. అంటే నీ బెంచీలు కంటికి కనిపిస్తాయి.

నిన్న వృషణం ముక్క ఒకటి చూశాను. నాకొకటి ఆశ్చర్యంగా అనిపించింది. బీజకణాలుగా మారేవి వరసగా ఉన్నాయి, అన్నీ నీలం. ఒక్కదానికీ బెంచీ లేదు. హార్మోన్ అంత దగ్గర్లో తయారవుతున్నా వాటికి ఏమీ తెలియదు. వాటి మధ్యలో పొడుగ్గా ఒక కణం ఉంటుంది, వాటిని సాకే దాది లాంటిది. దానికి ఉంది, ముదురు గోధుమరంగులో. ఆ దాదికి కబురు అందితేనే, అది చూసుకుంటేనే, మిగతావి పెరుగుతాయి.

దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. మా సీనియర్ వచ్చి, "ఏమిటి, ఫోటో తీసి ఇంటికి పంపుతావా?" అని నవ్వింది. ఇంటికే రాస్తున్నానని ఆవిడకి చెప్పలేదు.

ఎండలు మండిపోతున్నాయి. ఇంత వేడిలో జాకెట్ ఎందుకు మావయ్యా?

నీ మేనకోడలు


కొలను ఆఫీసు గది,
జులై

ఏమే పిల్లా,

నీ మావయ్య మళ్ళీ నీళ్ళలో ఉన్నాడు. జాకెట్ మేకుకి తగిలించాను. ఈత సీజన్ ఇంకా అవలేదు కదా, కొలను నిండా పిల్లలే, నిలబడ్డానికి చోటు లేదు. నిన్న అందరి ముందూ ఈ చివర నుంచి ఆ చివరకి సీతాకోకచిలుక ఈత ఈది చూపించాను. పోస్ట్‌మాన్ చప్పట్లు కొట్టాడు. బేకరీ ఆయన "ఈయనకి జబ్బంటే నేను నమ్మను" అన్నాడు. నేనూ నమ్మను.

ఆవిర్లు పోయాయి. హాయిగా నిద్ర పడుతోంది. గడ్డం గరుకుగా మొలుస్తోంది. బ్లేడు మీద జాలేస్తోంది. ఊరికే కళ్ళమ్మట నీళ్ళు రావడం కూడా తగ్గింది. అవునూ, అది నీకు రాయలేదు కదూ? మే నెలలో ఎవరి పెంపుడు కుక్కో తప్పిపోయిందని గోడ మీద కాగితం అంటిస్తే చదివి ఏడ్చాను. ఎవరికీ చెప్పకు.

ఒక జోకు విను. నేను స్నానం చేసి వస్తుంటే మీ అత్తయ్య చూసి, "ఇంక నా బట్టలు నీక్కూడా సరిపోతాయి, ఖర్చు కలిసొస్తుంది" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆవిడ ఎక్కువ నవ్వింది. అదంతా పోయిన నెల మాట. ఇప్పుడు అదీ తగ్గింది.

ఆగస్టులో మళ్ళీ రక్తపరీక్ష ఉంది. దాని గురించి నువ్వు దిగులు పెట్టుకోకు.

నీ దాది కణం కథ బాగుంది. కబురు అందేది దానికేనా? పాపం, ఎంత పనో.

కప్ప


హాస్టల్ గది,
జులై, నీ ఉత్తరం అందిన రోజు

మావయ్యా,

ఆవిర్లు ఎందుకు ఆగాయి?

నీ ఉత్తరం అంతా సంతోషమే. చదువుతుంటే నాకు భయం వేసింది. మాత్ర వేసుకునే మనిషికి అవన్నీ ఒక్కసారిగా పోవు. గడ్డం గరుకు తేలదు. నువ్వు మాత్ర ఆపేశావు.

ఎందుకు ఆపావో కూడా అత్తయ్య జోకులోనే ఉంది. జాకెట్ ఎందుకని అడిగితే జవాబు రాయలేదు. నీకు రొమ్ములు వచ్చాయి. నొప్పిగా కూడా ఉండి ఉంటాయి, బట్ట తగిలితే చాలు. నీ పని చొక్కా విప్పి అందరి ముందూ నిలబడే పని.

ఈ మాట రాశాక పెన్ను పక్కన పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళి వచ్చాను. ఇది మార్చిలోనే రాయవలసింది. నాకప్పుడే తెలుసు. "కొన్ని మార్పులు" అని రాసి కవరు అంటించేశాను. నువ్వు పోల్చిన డాక్టరుకీ నాకూ తేడా లేదు.

ఇప్పుడు మొత్తం రాస్తాను. మాత్ర బెంచీల మీద తువ్వాళ్ళు వేసింది. హార్మోన్‌కి కూర్చునే చోటు పోయింది, కానీ హార్మోన్ పోలేదు. పైగా మెదడులో కూడా అవే బెంచీలు ఉన్నాయి. అక్కడా తువ్వాలే. కనుక మెదడు, "ఎవరూ రావడం లేదేమిటి, ఇంకా పంపండి" అని వృషణాలకి చెబుతుంది. అవి ఇంకా పంపుతాయి. ఇంతమందీ ఎక్కడికి పోతారు? మగవాళ్ళ వైపు చోటు దొరక్క, కొందరు బట్టలు మార్చుకుని ఆడవాళ్ళ వైపు బెంచీల మీద కూర్చుంటారు. నిజంగానే ఆ హార్మోన్‌లో కొంత ఆడ హార్మోన్‌గా మారుతుంది. ఆ బెంచీలు మగవాళ్ళ ఛాతీలో కూడా పుట్టుకతోనే ఉంటాయి, ఖాళీగా. అంతే. నువ్వు ఏమీ అయిపోలేదు. అది మాత్ర పనిచేస్తోందనడానికి గుర్తు.

దీనికి మందు ఉంది. ఆ రెండో వైపు బెంచీల మీద కూడా తువ్వాలు వేసే మాత్ర. నీకు పనికొస్తుందో లేదో డాక్టరే చెప్పాలి. కానీ నువ్వు చెబితే కదా ఆయనకి తెలిసేది.

ఇంకొకటి. నాకు పన్నెండేళ్ళప్పుడు ఈతకి రావడం మానేశాను, గుర్తుందా? ఒకసారి కడుపునొప్పి అన్నాను, ఒకసారి పరీక్షలు అన్నాను. నువ్వు ఒక్క ప్రశ్న అడగలేదు. మరుసటి వారం బోర్డు పెట్టావు: గురువారం బట్టల ఈత, అందరూ దళసరి చొక్కాలు వేసుకుని రావాలి. పడవ మునిగితే బట్టలు విప్పుకునే టైము ఉండదు, ఇదీ నేర్చుకోవాలి అన్నావు. నువ్వు కూడా చొక్కాతోనే దిగావు. తర్వాత గురువారం కాస్తా వారమంతా అయింది. నేను మళ్ళీ వచ్చాను. ఇక్కడి కొలనులో కనుక్కున్నాను మావయ్యా. అలాంటి పాఠం ఎవరూ చెప్పడం లేదు.

మాత్ర మళ్ళీ మొదలుపెట్టు. డాక్టరుకి చెప్పు.

నీ మేనకోడలు


ఇల్లు,
ఆగస్టు

నీ ఉత్తరం అందింది.

పెద్దవాళ్ళకి ఏం రాయాలో, ఏం రాయకూడదో మీ బడిలో నేర్పలేదా? నేను నీ మేనమామని. నీ గాజుపలక మీద ముక్కని కాదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకాన్నీ కాదు. నవ్వుతూ ఒక జోకు రాస్తే దాన్ని కోసి రంగు వేసి చూస్తావా?

అవును, ఆపాను. జూన్‌లో ఆపాను. ఆటగాడికి ఒక సీజన్, ఒక విశ్రాంతి ఉంటాయి. చలికాలం ఎవరూ కొలనుకి రారు కనుక అప్పుడు వేసుకుందామని, సీజన్‌లో మానేద్దామని లెక్క వేసుకున్నాను. జబ్బు కూడా నా టైమ్‌టేబుల్ ప్రకారం నడుస్తుందనుకున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లల్ని ఈలతో నడిపించినవాణ్ణి, అలవాటైపోయింది.

పరీక్ష అయింది. మాత్రతో దిగిన జబ్బు అంకె మళ్ళీ పైకి లేచింది.

ఇంకా ఎవరికీ చెప్పలేదు. మీ అత్తయ్యకి కూడా.


హాస్టల్ గది,
ఆగస్టు

మావయ్యా,

కోప్పడు. పర్వాలేదు.

అంకె లేచింది కదా, తువ్వాలు తీసినందుకు లేచింది. మళ్ళీ వేస్తే దిగే అవకాశం బాగా ఉంది. కానీ నువ్వు చలికాలం దాకా ఆగితే ఇదే మాట అప్పుడు రాయగలనో లేదో నాకు తెలియదు. నాకు తెలిసినవన్నీ రాశాను. ఇది మాత్రం తెలియదు.

నువ్వు డాక్టరుకి చెప్పలేకపోతే నేను వచ్చి చెబుతాను. సెలవు అడిగాను, ఇస్తామన్నారు. ఆ మాట పైకి అనడం నాకు ఇదే మొదటిసారి అవుతుంది. అయినా అంటాను.

ముందు అత్తయ్యకి చెప్పు. ఆవిడ నవ్విందని నువ్వు రాశావు. నువ్వు కూడా నవ్వావని కూడా నువ్వే రాశావు. పాపం, నీకు నొప్పి అని ఆవిడకి ఎలా తెలుస్తుంది?

నీ మేనకోడలు


కొలను ఆఫీసు గది,
నవంబరు

గట్టుపిల్లకి,

ఇన్నాళ్ళూ రాయనిది అంకె ఒకటి చేతికి రావాలని. వచ్చింది. చివర్లో చెబుతాను, ముందుకి తిప్పకు.

నువ్వు సెలవు వృథా చేసుకోవద్దని ఎందుకు కబురు పెట్టానో విను. నీ ఉత్తరాలన్నీ మీ అత్తయ్య చేతిలో పెట్టాను. మొదటి నుంచీ చదివింది. బట్టలు మార్చుకుని ఆడవాళ్ళ వైపు కూర్చున్న చోట నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు కడిగిన చప్పుడు చాలాసేపు వినిపించింది. బయటకొచ్చి, "ఇంత నొప్పి పెట్టుకుని ఆ పూట నాతో పాటు నవ్వావా? నీకు బుద్ధుందా?" అంది. నాకు లేదని ఒప్పుకున్నాను.

డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. నేను దారి పొడుగునా మనసులో వల్లించుకున్నాను. తీరా ఆయన "ఎలా ఉన్నారు?" అంటే, "బాగానే ఉన్నానండీ" అన్నాను. అలవాటు!

మీ అత్తయ్య కుర్చీ ముందుకి లాక్కుంది. "బాగా లేడండీ. రొమ్ములు లేచాయి, ముట్టుకుంటే నొప్పి, ఈయన పని బట్టలు విప్పుకునే పని, అందుకని మాత్ర మానేశాడు. మీరేమో పట్టించుకోవద్దన్నారు. ఆయన పట్టించుకోకుండా ఎలా ఉంటాడు? ఆయన ఛాతీ కదా, మీది కాదు కదా" అంది. అంతా ఒక్క ఊపిరిలో. నీళ్ళ కింద అంతసేపు ఊపిరి పట్టగలిగేవాళ్ళు నా దగ్గర ఎవరూ లేరు.

డాక్టరు మొదటిసారి కంప్యూటర్ వదిలి నా వైపు తిరిగాడు. "మొదట్లోనే అడగాల్సింది నేను" అన్నాడు. నువ్వు చెప్పిన మాత్రే రాశాడు. రొమ్ము జబ్బు ఉన్న ఆడవాళ్ళకి ఇస్తారట. "అంటే రెండో తువ్వాలు" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. మీ అత్తయ్య నీ బెంచీల కథ మొత్తం ఆయనకి చెప్పింది. బయట ఎంతమంది కూర్చుని ఉన్నారో పట్టించుకుంటేగా!

నొప్పి చాలావరకు తగ్గింది. వచ్చినది మాత్రం పూర్తిగా పోదట, కాస్త ఉంటుందట. ఉండనీ. ఆవిర్లు మళ్ళీ వచ్చాయి. ఫ్యాన్ మీ అత్తయ్యే వేస్తోంది.

ఇక కొలను సంగతి. సెప్టెంబరు అంతా జాకెట్‌తోనే గడిపాను. ఒకరోజు పొద్దున్న బేకరీ ఆయన లోతు వైపు కాలు జారాడు. కొంచెం నీళ్ళు తాగాడు, అంతకన్నా ఏమీ లేదు. కానీ దూకాలి కదా. జాకెట్‌తో దూకితే అది మోయలేని బరువు. విప్పి విసిరేసి దూకాను. ఆయన్ని గట్టెక్కించాక గుర్తొచ్చింది. అందరూ చుట్టూ ఉన్నారు. నేను చేతులు ఛాతీ మీద కట్టుకున్నాను.

పోస్ట్‌మాన్ చూశాడు. చూడనట్టు నటించే మనిషి కాదు. "మాస్టారూ, చేతులు దింపండి. అవి మాకూ ఉన్నాయి" అన్నాడు. "నాకు మందువల్ల వచ్చాయండీ" అన్నాను. "నాకు ఈయన బేకరీ వల్ల వచ్చాయి" అన్నాడు. బేకరీ ఆయన దగ్గుతూనే, "ఊరికే తిన్నావా, అరువు పెట్టి తిన్నావు" అన్నాడు.

అప్పుడు చుట్టూ చూశాను పిల్లా. ఇన్నేళ్ళుగా వాళ్ళ కాళ్ళు, చేతులు, ఊపిరి తప్ప ఇంకేమీ చూసినవాణ్ణి కాదు. పొద్దుటి బ్యాచ్ మొత్తం గట్టు మీద నీళ్ళు కారుతూ నిలబడి ఉంది. అందరికీ పొట్టలు. అందరికీ ఛాతీలు. అందులో నావే చిన్నవి.

జాకెట్ అప్పటినుంచీ మేకుకే ఉంది. మాత్రలు రెండూ ఈల ఉండే సంచీలో పెట్టుకున్నాను. పొద్దుటి బ్యాచ్ అవగానే పోస్ట్‌మాన్ తన తువ్వాలు దులుపుతూ, "వేశారా?" అని అరుస్తాడు. "వేశాను" అని అరుస్తాను. దేని సంగతో వాళ్ళందరికీ తెలుసు. నేనే చెప్పాను. బ్యాచ్‌లో మరో ఇద్దరు పరీక్ష చేయించుకుంటామన్నారు.

అంకె దిగింది. మొదటిసారి దిగినంత కిందికి. చలికాలంలో మళ్ళీ చూస్తారట. చూడనీ. విశ్రాంతి సీజన్ లేదని నాకు అర్థమైంది.

బట్టల ఈత గురించి ఏదో రాశావు. అది సిలబస్‌లోనే ఉండేది. మీ కొలను వాళ్ళకి తెలియకపోతే నేనేం చెయ్యను?

ఈ ఉత్తరానికి జవాబు రాయకు. ఆదివారం ఫోన్ చెయ్యి, మీ అత్తయ్య కూడా మాట్లాడుతుందట, అడగాల్సినవి ఉన్నాయట. లైను బాగానే ఉంటుంది. మార్చిలో కూడా బాగానే ఉంది.

కప్ప మావయ్య